ఆ పాటకు అర్థమేమిటి టీచర్?

"పాట చాలా బాగుంది. ఇంతకూ దాని అర్థమేమిటి?"

అడిగినావిడ ఫిన్లాండ్ నుంచి వచ్చిన రచయిత్రి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో చిన్న నోటు పుస్తకం. కలం తెరిచి పట్టుకుని నా వంకే చూస్తోంది. ఆవిడ ఇంగ్లీషు నాకు బాగానే అర్థమయింది. అర్థం కానిదల్లా మా పిల్లలు అప్పుడే పాడి దిగిన పాట!

అప్పటికి పినపాక మండలంలో ఇరవై ఆరేళ్లుగా పంతులమ్మగా పనిచేస్తున్నాను. ఆ పాట తక్కువలో తక్కువ వందసార్లయినా విని ఉంటాను. కొంగు బిగించి, కోయ ఆడవాళ్ల చేతుల్లో చేతులు వేసి, ఆ పాటకు అడుగులు కూడా వేశాను. అయినా అందులో ఏముందని ఒక్కనాడూ అడగలేదు.

"అది... వ్యవసాయం పాటండీ" అన్నాను నీళ్లు నములుతూ.

ఆవిడ మర్యాదగా తల ఊపింది. ఏమీ రాసుకోకుండానే కలం మూసేసింది. పోతూ పోతూ తన అడ్రసు కార్డు ఒకటి నా చేతిలో పెట్టి, తెలిస్తే రాయమంది.

ఇది 2019 డిసెంబరు నాటి మాట. పొరుగు రాష్ట్రంలో ఒక నగరంలో జరిగిన పెద్ద అంతర్జాతీయ ఉత్సవం. పేరెందుకు లెండి! దేశదేశాల సాహిత్యం, సంస్కృతి ఒక్కచోట చేరే పండుగ అని ఆహ్వానంలో రాశారు. ఎనిమిది మంది ఆడపిల్లలు, డోళ్లు కొట్టడానికి, కొమ్ములు కట్టుకోవడానికి నలుగురు మగపిల్లలు, నేను. మణుగూరులో రాత్రి బండి ఎక్కాం. సికింద్రాబాదులో దిగి మరో రైలు. పిల్లల్లో ముగ్గురికి అదే మొదటి రైలు ప్రయాణం. కిటికీ దగ్గర చోటు కోసం ఒకటే తగువులాట! అడవిదున్న కొమ్ముల తలపాగాలు నలుగుతాయేమోనని డోళ్లు కొట్టే పిల్లవాడు రాత్రంతా వాటిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

తీరా వెళ్లాక ఏం జరిగిందంటారా? పొద్దున ఏడింటికే మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టారు. వచ్చే పెద్దలకు స్వాగత నృత్యం. ఒక కారు రాగానే ఆడాలి, కారు వెళ్లిపోగానే ఆపాలి. అలా పదకొండింటి దాకా. సాయంత్రం స్టేజి మీద ఇరవై నిమిషాలని ముందు చెప్పినవాళ్లు చివరికి ఆరు నిమిషాలిచ్చారు. "ఇప్పుడు అడవి బిడ్డల ఆటవిక నృత్యం" అని మైకులో ప్రకటించారు. పాట సగంలో ఉండగా గంట కొట్టారు. పిల్లలు పాట ఆపలేక, అడుగు ఆపలేక, ఒకరినొకరు చూసుకుంటూ దిగి వచ్చేశారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. భోజనాలు బాగా పెట్టారు. శాలువాలు కప్పారు. ఎవరూ చిన్నమాట అనలేదు. అయితే మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తింటుంటే పిల్లల్లో పెద్దది అడిగింది.

"టీచర్, ఆ లోపలి హాల్లో ఏం చేస్తున్నరు?"

"వాళ్లవాళ్ల భాషల్లో రాసుకున్న పాటలూ కథలూ చదువుతున్నారు. వాటి గురించి మాట్లాడుకుంటున్నారు."

"మనయి గూడ పాటలే గద టీచర్. మరి మనల్ని బయట ఎందుకు పెట్టిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఫిన్లాండ్ రచయిత్రి ప్రశ్నకూ లేదు. ఒకే రోజు రెండుసార్లు తెల్లమొహం వేసిన పంతులమ్మను నేనే అయి ఉంటాను!

తిరుగు ప్రయాణంలో నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లారాయన. నాకు పన్నెండేళ్లు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మన ఖమ్మం జిల్లా వారేనని నాన్నకు అదో గర్వం. విద్యాశాఖ మంత్రి మండలి వెంకట కృష్ణారావు పట్టుబట్టి ఆ సభలు జరిపించారు. శంకరంబాడి సుందరాచారి గారి 'మా తెలుగు తల్లికి' పాటను లండన్ నుంచి వచ్చిన టంగుటూరి సూర్యకుమారి గారు పాడారు. పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్లంతా 'మాకూ ఒక భాష ఉంది' అని చెప్పుకోవడానికి వచ్చారని నాన్న చెబితే నాకు ఒళ్లు పులకరించింది. తర్వాత 1981లో కౌలాలంపూర్‌లో, 1990లో మారిషస్‌లో, 2012లో తిరుపతిలో అవే సభలు. 2017 డిసెంబరులో మళ్లీ హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో అయిదు రోజులు. ప్రధాన వేదికకు పాల్కురికి సోమన పేరు పెట్టారు. దానికీ వెళ్లాను, చప్పట్లు కొట్టాను.

మన భాషను పక్కవాళ్లు గుర్తించాలని అంత ఆరాటపడతాం కదా! మరి మన పక్కన ఉన్న భాషను మనం గుర్తించామా? ఇరవై ఆరేళ్లు వాళ్ల మధ్యనే ఉండి నేను గుర్తించలేదు. అందుకే ఈ ప్రశ్న ముందు నాకు నేనే వేసుకుంటున్నాను.

పినపాక ఎక్కడో తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. ఒకప్పుడు ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. అడవి దాటితే మేడారం వైపు దారి. ఇటు మణుగూరు బొగ్గు గనులు. బస్సు దిగి ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డులో నిలబడితే చాలు, టీ కొట్టు దగ్గర తెలుగూ కోయా రెండూ వినిపిస్తాయి. కోయవాళ్లు తమను కోయితూర్ అని చెప్పుకుంటారు. వాళ్ల మాట తెలుగుకు యాస కాదు. గోండికి దగ్గర బంధువైన వేరే ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది తమ మాతృభాష కోయ అని రాయించారు.

తెలుగుకు చుట్టరికమూ లేకపోలేదు. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. మనకేమో నీళ్లు పారే వాగు. 'లోన్' అంటే ఇల్లు. వింటే మన లోన, లోపల గుర్తొస్తాయి! కొత్తగా వచ్చినప్పుడు ఒక చిన్నపిల్ల "ఏరు, ఏరు" అని ఏడుస్తుంటే వాగుకు పోతానని మారాం చేస్తోందనుకున్నాను. పాపం, దానికి దప్పికైంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వేయడం మొదలుపెట్టారు. లిపి తెలుగే, మాటలు వాళ్లవి. నేను చూసిన ఒక బడిలో ఆ పుస్తకాలు కొన్నాళ్లు నడిచి, తర్వాత అలమారాలో చేరాయి. అదే సంతాలీని చూడండి. 1925లో పండిత్ రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపి తయారు చేశారు. 2003లో చేసిన రాజ్యాంగ సవరణతో ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో చేరింది. ఇప్పుడు సంతాలీ రచయితలకు సాహిత్య అకాడమీ అవార్డులు వస్తున్నాయి. సంతాల్ ఆడపడుచు ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతి అయ్యారు. 2023 ఆగస్టులో భోపాల్‌లో సాహిత్య అకాడమీ జరిపిన 'ఉన్మేష' అంతర్జాతీయ సాహిత్యోత్సవాన్ని ఆవిడే ప్రారంభించారు. వందకు పైగా భాషల వాళ్లు వచ్చారట. దాంతోపాటే జానపద, గిరిజన కళల కోసం 'ఉత్కర్ష్' అని మరో ఉత్సవం. అంత పెద్ద పండుగ గురించి పేపర్లో చదువుతుంటే కూడా నాకు మా పెద్దపిల్ల మాటే గుర్తొచ్చింది. పుస్తకానికి ఒక పండుగ, పాటకు ఒక పండుగ!

సరే, అసలు సంగతికి వస్తాను. ఫిన్లాండ్ ఆవిడకు జవాబు రాయాలి. అయితే సిగ్గొకటి, బద్ధకమొకటి. ఆపైన కరోనా వచ్చి పడింది. 2021లో రిటైరయ్యాను. 2022 ఏప్రిల్‌లో, ఇక లాభం లేదని, ఆ పెద్దపిల్లను వెంటబెట్టుకుని వాళ్ల అవ్వ దగ్గరికి పోయాను. ఆ పిల్ల అప్పటికి భద్రాచలంలో డిగ్రీ చదువుతోంది.

తునికాకు కాలం. అవ్వ వాకిట్లో కూర్చుని ఆకు కట్టలు కడుతోంది. కట్టకు యాభై ఆకులు. నోటితో లెక్కపెట్టదు, చేతికే లెక్క తెలుసు.

"అవ్వా, ఆ పాటకు అర్థం చెప్పవా?"

"అర్థమేంది పంతులమ్మా? పాటంటే పాటనే."

"కాదవ్వా, అందులో ఏముంది?"

"ఏముంటది? గింజలున్నయ్."

ఒకటే నవ్వు ఆమెకు. ఇన్నేళ్లుండి ఇదీ తెలవదా అని. అప్పుడు చెప్పింది. అది విత్తనాల పండుగ పాట. కోయలో విజ్జి పండుం. తొలకరికి ముందు ఊరి పూజారి అమ్మవారి ముందు విత్తనాలు పెట్టి, తలా ఇన్ని పంచుతాడు. వాటిని ఇంటి విత్తనాల్లో కలుపుకుంటేనే దుక్కిలో చల్లాలి. ఆ రోజుల్లోనే మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి వచ్చే పోయేవాళ్ల దగ్గర పైసలు వసూలు చేస్తారు. నేను వచ్చిన కొత్తలో బస్సు ఆపి నా దగ్గరా అయిదు రూపాయలు పుచ్చుకున్నారు, దోపిడీ దొంగలేమోనని హడలిపోయాను! వేట దొరక్క ఉత్త చేతులతో వచ్చిన మగాడి గతి మాత్రం చెప్పొద్దు. పేడనీళ్లతో స్వాగతం. ఏడాదంతా ఎలా ఉన్నా, ఆ నాలుగు రోజులూ రోడ్డు ఆడవాళ్లది, ఊరూ ఆడవాళ్లదే.

రాత్రి పాట. ఒక వరస ఆడవాళ్లు ఒక గింజ పేరు ఎత్తుకుంటారు. అది ఎక్కడిది, ఎవరింటి నుంచి వచ్చింది, ఏ నేలకు నచ్చుతుంది, దాన్ని ఏ పిట్ట ముందు చూస్తుంది అని ఎదుటి వరస జవాబు పాడాలి. పాడలేకపోతే ఓడినట్టు. అలా తెల్లవార్లూ. మేం స్టేజి మీద ఆరు నిమిషాల్లో కుక్కింది దాని మొదటి రెండు గింజలేనన్నమాట!

పిల్ల నోటు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టింది. జొన్న, కొర్ర, సామ, అరిక, బొబ్బర, కంది... పదకొండు పేర్లు వచ్చాయి. అందులో నాలుగు ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. రెండు నేనూ వినలేదు. మరి చూసేదెలా? చేలన్నీ ఇప్పుడు పత్తి, మిరప. విత్తనం ప్యాకెట్లో వస్తుంది. ప్యాకెట్ గింజకు 'ఎవరింటి నుంచి వచ్చావే' అని పాట కట్టేదెవరు? ఆడే అడుగు మిగిలింది గానీ పాటలో మాటలు ఎందుకు పోయాయో నాకు ఆ వాకిట్లో తెలిసింది. గింజ పోతే దాని వెంట చరణం పోయింది.

"మీ అమ్మకు ఎన్ని వచ్చవ్వా?" అని మనవరాలు అడిగితే, ఆకు కట్ట తిప్పుతూ, "లెక్క పెట్టలే" అంది అవ్వ.

అదే ఏడాది మా పక్క మండలం మణుగూరు దగ్గరి కూనవరం గ్రామస్థుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన డోలీ. అంటే కోయల వంశాల కథలూ, సమ్మక్క సారలమ్మల వీరగాథా పాడే కళాకారుడు. బొమ్మలున్న పగిడె జెండా, కంచుతాళం, డోలు. పుస్తకం అక్కరలేదు, అంతా నోటికే. కోయలోనూ తెలుగులోనూ పాడగలరు. అడవి ఊళ్లో పుట్టిన పాట ఢిల్లీ దాకా పోయిందని ఇక్కడ ఎంత సంబరపడ్డారో! 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అలా పాడేవాళ్లు ఇంకెందరున్నారని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి.

అయితే నాకో సందేహం. డోలీ పాటకు ఒక పేరుంది, పాడేవాడికి ఒక స్థానం ఉంది. పెళ్లికీ చావుకూ జాతరకూ పిలుస్తారు. ఆడవాళ్లు పాడుకునే నాటు పాట, జోల పాట, ఈ గింజల పాట... వీటికి ఎవరు పిలుస్తారు? అవ్వ తన పాటను పాటనే అంది, సాహిత్యమంటే నవ్వింది. బతుకమ్మ పాట నుంచి దంపుళ్ల పాట దాకా మన అమ్మమ్మలదీ ఇదే కథ కాదా? మీరే చెప్పండి.

ఫిన్లాండ్ ఆవిడకు రాసే ముందు ఆవిడ దేశం గురించి కాస్త తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిరగేస్తే ఏముంది, అక్కడా ఒక అవ్వ కనిపించింది! పేరు లారిన్ పరాస్కె. 1833లో పుట్టింది. కటిక పేదరాలు. కన్న బిడ్డల్లో చాలామందిని చిన్నప్పుడే పోగొట్టుకుంది. భర్తా పోయాడు. నదిలో ఎదురీదే పడవలను ఒడ్డు నుంచి తాళ్లతో లాగే కూలి చేసింది. చదవడం రాయడం రాదు. కానీ నోట్లో పాట! ఒక మతాధికారి ఏళ్ల తరబడి కూర్చుని ఆమె పాటలు రాసుకున్నాడు. వెయ్యికి పైగా పాటలు, ముప్పై రెండు వేలకు పైగా పాదాలు. సంగీతకారుడు సిబేలియస్ యువకుడిగా ఉన్నప్పుడు వెళ్లి ఆమె పాట విన్నాడు.

ఫిన్లాండ్ వాళ్ల జాతీయ కావ్యం కలేవల. ఎలియాస్ లోన్రోట్ అనే వైద్యుడు పల్లెల్లో తిరిగి, పాడేవాళ్ల నోటి పాటలు పోగుచేసి 1835లో అచ్చువేశాడు. అది పరాస్కె పాటలు రాసుకోవడానికి ముందు మాట. ఏటా ఫిబ్రవరి 28న ఆ కావ్యం పేరిట పండుగ చేసుకుంటారు. పడవలు లాగిన పరాస్కెకు హెల్సింకీలో విగ్రహం ఉంది. మరి ఆ దేశం మనిషి మా పాటకు అర్థం అడగడంలో ఆశ్చర్యమేముంది? పాట వింటే మాట అడగడం వాళ్లకు అలవాటు.

న్యూజిలాండ్‌లో మావోరీలకు 'తే మాతాతిని' అనే పెద్ద పండుగ ఉంది. 1972లో మొదలైంది, రెండేళ్లకోసారి. బృందాలుగా పాడి ఆడి పోటీపడతారు. అక్కడ అడుగులు, అరుపులు బాగుంటే సరిపోదు. పాటలో భాషకూ మార్కులు వేస్తారట. ఇది చదివి మా పిల్లకు చెబితే, "అట్లయితే మనం ఫెయిలే టీచర్" అంది.

ఫెయిల్ కావడం దానికి ఇష్టం లేదు. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో అదే తేదీన జెనీవాలో ఆదివాసీ ప్రజల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి కార్యబృందం మొదటిసారి సమావేశమైంది. ఆ గుర్తుగా 1994లో ఈ రోజును ప్రకటించారు. ప్రపంచమంతా జరిగే పండుగ అని ఎక్కడెక్కడికో పోయాం గానీ, చూడబోతే అది మా ఊరి రోడ్డు మీదే ఉంది! కొమురం భీం, బిర్సా ముండా, సమ్మక్క సారలమ్మల పటాలు, డోళ్లు, కొమ్ములు, ఊరేగింపు. ఆ తర్వాత ఉపన్యాసాలు. చివర్లో 'సాంస్కృతిక కార్యక్రమం' ఉంటుంది. అక్కడా అదే తంతు, నాయకుడి మాటకు గంట, పాటకు పది నిమిషాలు!

2022 ఆగస్టులో ఆ పిల్ల ఒక్క పని చేసింది. తమ ఊరి చెట్టు కింద ముందురోజు రాత్రే పండుగ పెట్టుకున్నారు. స్టేజి లేదు, మైకు లేదు, గంట కొట్టేవాళ్లు లేరు. నలుగురు అవ్వలు ఒక వరస, పిల్లలు ఒక వరస. గింజ పేరు ఎత్తగానే ఆ గింజ చేటలో ఉండాలని పిల్ల షరతు. అందుకోసం పదిహేను రోజులు ఊళ్లు తిరిగి, అటకల మీద కుండలన్నీ వెతికించింది. పదకొండింటిలో తొమ్మిది దొరికాయి. దొరకని రెండింటి దగ్గరికి వచ్చేసరికి పాట ఆగింది. ఒక అవ్వ ఉత్త చేట చూపించి, ఆ గింజ ఎట్లుంటుందో, రంగేమిటో, ఎంత ఎత్తు పెరుగుతుందో చేతులతో చూపిస్తూ పాడింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నాకు సగమే తెలిసింది. తెలిసిన సగానికే కళ్లు చెమర్చాయి.

ఐక్యరాజ్య సమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దమని ప్రకటించింది. అంటే ఇంకా కొన్నేళ్లు ఉంది. పిల్ల నోటు పుస్తకాలు ఇప్పటికి నాలుగయ్యాయి. ఎడమ పేజీ కోయ, కుడి పేజీ తెలుగు. ఫోనులో అవ్వల గొంతులూ దాచింది. అచ్చువేసేదెవరో, డబ్బు ఎక్కడిదో ఇంకా తేలలేదు. ఈమధ్య మరో ఊరి నుంచి నృత్యానికి రమ్మని కబురొస్తే, "పాటకు అర్థం చెప్పడానికి అయిదు నిమిషాలు మైకు ఇస్తరా?" అని అడిగింది. కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

ఇంతకూ ఫిన్లాండ్‌కు ఉత్తరం రాశాను. ఇన్నేళ్ల ఆలస్యానికి క్షమించమని, అది 'వ్యవసాయం పాట' కాదని, పదకొండు గింజల కథలూ పూసగుచ్చినట్టు రాశాను. పోస్టు చేసే ముందు వెళ్లి అవ్వకు చదివి వినిపించాను. ఆమె ఆకు కట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"అది సరే గని పంతులమ్మా, మరి వాళ్ల ఊళ్లె ఏం గింజలు ఏస్తరట? అది గూడ అడుగు."

ఉత్తరం విప్పి, చివర ఆ ఒక్క ముక్క చేర్చి, మళ్లీ అంటించాను.